ఘర్ఘరుడి తొలకరి కచేరీ

అడవి నడుమ చిత్తడినేలలో ఘర్ఘరుడనే ముసలి కప్ప, అతని ఇద్దరు నేస్తాలు ఉండేవారు. ఏటా తొలకరికి ఆ ముగ్గురూ గొంతు చించుకుని పాడుతుంటే అడవంతా చెవులప్పగించి వినేది.

ఒక ఏడు కలకంఠి అనే కోయిల వచ్చి, "తాతా, ఈసారి నూరు పక్షులం మీతో కలిసి పాడతాం" అంది. ఘర్ఘరుడు కాదనలేకపోయాడు.

తొలకరి రానే వచ్చింది. నూరు గొంతులు ఒక్క గొంతై లేచాయి. ఆ తీయదనం ముందు ఘర్ఘరుడికి తన గొంతంటే తనకే సిగ్గేసింది. మెల్లగా నోరు మూసుకున్నాడు. నేస్తాలూ ఆగిపోయారు.

కలకంఠి పాట ఆపించింది. "ఏమైంది తాతా?"

"ముసలి గొంతు, బొంగురు గొంతు. మీ పాట చెడిపోతుందమ్మా."

"నేను కాకి గూట్లో పెరిగినదాన్ని తాతా. కన్నతల్లి జోల ఎరగను. ఉరుములకు వణికిపోతుంటే మీ బెకబెకలు వింటూనే నిద్రపోయేదాన్ని. ఆ గొంతు కోసమే వచ్చాం."

ఘర్ఘరుడి కళ్లు చెమర్చాయి. గుండెల నిండా గాలి పీల్చుకుని పాట ఎత్తుకున్నాడు. సగంలో గొంతు జీరబోయి తెగిపోయింది. ఏ పక్షీ తన పాటతో దాన్ని కప్పిపుచ్చలేదు. అతను మళ్లీ అందుకునేదాకా నూరు పక్షులూ వానలో తడుస్తూ ఊరకే నిలబడ్డాయి.