ఇంజనీరు ముట్టని కాఫీ

రాజధాని అమ్మాన్ నుంచి వచ్చిన ఇంజనీరు కాఫీ కప్పు అందుకున్నాడు. పెదవికి తాకించలేదు. మెల్లగా తన ముందు తివాచీ మీద పెట్టేశాడు.

షేక్ ముత్లక్ గారి అతిథుల గదిలో మాటలు ఠక్కున ఆగిపోయాయి.

ఆ ఎడారి ఊళ్లో పుట్టినవాడెవడికైనా దాని అర్థం తెలుసు. వచ్చినవాడికి ఏదో పని ఉంది. "నువ్వొచ్చిన పని అయినట్టే, తాగు" అని ఇంటాయన అనేదాకా ఆ కాఫీ ముట్టడు. ఇంటాయన ఆ మాట అన్నాడా, ఇక తల తెగినా వెనక్కి తీసుకోడు. అనలేదా, అతిథి గొంతు తడుపుకోకుండానే లేచిపోతాడు. ఆ అప్రతిష్ఠ ఇంటాయన మునిమనవళ్ల దాకా వెంటాడుతుంది.

"చూశావా బావా?" కాఫీ కూజా పట్టుకుని తిరుగుతున్న సువైలిం, షేక్ చెవి దగ్గరకు వంగాడు. ఆయన భార్య తమ్ముడు. ఊళ్లో అందరికన్నా పొడుగు నాలుక. "ఉద్యోగం అమ్మాన్‌లోనే గానీ మనిషి మన దక్షిణాది కరక్ వాడట. మన పద్ధతులన్నీ తెలిసినవాడు. ఊరికే పెట్టలేదు కప్పు. నీ బావి భూమికి ఎసరు పెట్టాడు."

షేక్‌కీ అదే అనుమానం.

దక్షిణాది జిల్లాల్లో కొత్తగా సాంకేతిక కాలేజీలు తెరవాలని ప్రభుత్వం ప్లాను వేసింది. నిరుడు ఊరంతా సంతకాలు చేసి మాకూ ఒకటి కావాలని అర్జీ పెట్టింది. ప్లానులో ఊరి పేరు ఎక్కింది కూడా. స్థలం మాత్రం ఊరివాళ్లే ఇవ్వాలన్నారు. చదునుగా, రోడ్డు పక్కన, నీళ్లున్న స్థలం ఊరి మొత్తం మీద ఒక్కటే. షేక్ గారిది. ఆయన తాత తవ్వించిన బావి. ఆయన ఒంటెలు తిరిగే నేల. ఆ ప్రస్తావన ఎవరైనా తెస్తే చాలు, షేక్‌కి దగ్గు తెర వచ్చేది. ఆ తెర తగ్గేసరికి మాట ఇంకో దారి పట్టేది.

గదిని రెండు చేసిన తెర వెనక ఆయన మనవరాలు నౌఫా నిలబడి ఉంది. తండ్రి లేని పిల్ల. మొన్ననే పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసయ్యింది. ఎండ నుంచి కరెంటు తీసే చదువు చదువుతానని పట్టు పట్టింది. అమ్మాన్‌లో హాస్టలు మాటే ఎత్తొద్దని తాత తేల్చేశాడు. కాలేజీ ఊళ్లోకి వస్తే చదువు. రాకపోతే చలికాలంలో పెళ్లి.

"ఏం నాయనా, ఒక్కడివే వచ్చావే?" షేక్ కూపీ మొదలుపెట్టాడు. "కొలిచేవాళ్లు రాలేదా?"

"లేదండీ. నేనొక్కణ్నే."

"మ్యాపు?"

"తేలేదండీ."

సువైలిం ముక్కుతో నవ్వాడు. "ఇంకా మ్యాపెందుకు? అక్కడే కూర్చుని గీసేసుకుని ఉంటారు. గనుల కోసం కూడా ఇలాగే ఒకడు చేతులూపుకుంటూ వచ్చాడు. పాపం, ఎంత మర్యాదస్తుడో! కొండ వాడు పట్టుకుపోయాడు, దుమ్ము మనకొదిలాడు."

గోడవారగా కూర్చున్న ఊరివాళ్లు గొల్లుమన్నారు. ఇంజనీరు నవ్వలేదు. కోప్పడనూ లేదు. అది చూసి షేక్ అనుమానం ఇంకాస్త చిక్కబడింది. తప్పు లేనివాడైతే ఈపాటికి ఏదో ఒకటి అనాలి కదా.

"వచ్చేదారిలో మా బావి చూశావా?"

"చూశానండీ. మంచి చోటు." అతను తల ఎత్తలేదు. "చాలా మంచి చోటు."

"విన్నావా?" సువైలిం మోచేత్తో పొడిచాడు. "గుటకలు వేస్తున్నాడు."

షేక్ ఇంకో ఎత్తు వేశాడు. "మాంసం ఉడుకుతోంది నాయనా. ముందు భోంచెయ్. పనుల సంగతి తరవాత."

"కాఫీయే తాగలేదు షేక్ గారూ. ముద్ద ఎలా దిగుతుంది?"

కప్పులోంచి ఆవిరి రావడం ఎప్పుడో మానేసింది. అందరి కళ్లూ దాని మీదే.

"తాతా!"

తెర వెనక నుంచి ఆ గొంతు వచ్చేసరికి మగవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

"ఒంటెలకు నీళ్లు ఇంకో చోట దొరుకుతాయి. నాకు చదువు ఇంకెక్కడ దొరుకుతుంది?"

"ఓసి నీ నోరు పడ! మగాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో నువ్వేంటే?" సువైలిం కసిరాడు.

"ఎవరు మాట్లాడుకుంటున్నారు చిన్నతాతా? ఇందాకట్నుంచీ అందరూ కప్పు వంకే చూస్తున్నారుగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. షేక్ నవ్వలేదు. తెర వైపు చాలాసేపు చూశాడు. పోయిన కొడుకుదీ ఇదే నోరు, ఇదే మొండితనం. గడ్డం నిమురుకున్నాడు. ఈసారి దగ్గు రాలేదు.

"తాగు నాయనా," అన్నాడు. "నువ్వొచ్చిన పని అయినట్టే."

ఇంజనీరు చెయ్యి కప్పు దాకా వెళ్లి ఆగింది. "పనేమిటో అడగరా షేక్ గారూ? ముందు వినండి. విన్నాక అనండి ఆ మాట."

"అడిగి ఇస్తే బేరం అవుతుంది. ఈ ఇంట్లో బేరాలు లేవు. ఇంతమంది సాక్షిగా మాట ఇచ్చాను. తాగు!"

తెర వెనక ఆడవాళ్లు నాలుకలాడిస్తూ మంగళధ్వని అందుకున్నారు. అన్నిటికన్నా పైన నౌఫా గొంతు వినిపిస్తోంది. గోడవారగా ఉన్నవాళ్లు లేచొచ్చి గౌరవంగా షేక్ భుజాల మీద ముద్దు పెట్టారు. సువైలిం కూడా కూజా పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంజనీరు చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో మింగాడు. గోల అణిగేదాకా ఆగాడు.

"కాలేజీని మంత్రిగారి సొంత ఊరికి మారుస్తున్నారు షేక్ గారూ," అన్నాడు ఖాళీ కప్పు వంకే చూస్తూ, "ప్లానులో పేరు మీ ఊరిది కాబట్టి మాకు వద్దని మీరే అర్జీ వెనక్కి తీసుకోవాలి, ఆ మాట అడగడానికే నన్ను పంపారు."