మామగారి కాపలా

దివ్యశ్రీ దువ్వెన పట్టుకుని మంచం మీదే కూర్చుంది. జడ సగంలో ఉండగానే చేతులు దిగిపోయాయి. బయట వసారాలో మామగారు కొండలయ్య దగ్గాడు. బస్సుకు టైమైందని దానర్థం. నోరు తెరిచి చెప్పడు. మామాకోడళ్ళు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఇల్లు కాదది.

మూడేళ్ళ కిందట ఆమెకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఒంట్లో సత్తువ కూడా తీసుకుపోయింది. రాత్రంతా నిద్రపోయినా, పొద్దున లేచేసరికి పగలంతా నాట్లు వేసి వచ్చినట్టు ఒళ్ళు పులిసిపోయి ఉంటుంది. నాలుగు గిన్నెలు తోమితే మరునాడంతా మంచమే. నెల్లూరులో రక్తపరీక్షలు చేయించారు, స్కానింగులు తీయించారు. అన్నీ బాగున్నాయన్నారు. అదే ఆమె ఖర్మ! ఒక్క రిపోర్టు బాగాలేకపోయినా మొగుడు నమ్మేవాడు.

"ఏ రోగమూ లేదంటే ఏందర్థం? సోంబేరితనం అనేగదా!" అన్నాడు పెంచలప్రసాద్. ఉదయగిరిలో ఎరువుల అంగడి అతనిది. నలుగురూ ఏమనుకుంటారో అన్నదే అతనికి ముందు, తక్కినవన్నీ తర్వాత.

చివరికి ఆత్మకూరులో ఒక డాక్టరమ్మ జబ్బుకు పేరు చెప్పింది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. ఆమెది ఆస్టియోపతి వైద్యం. సూదులు వేయదు. మెడ, వీపు, పక్కటెముకలు చేతులతోనే తడిమి చూసి, పట్టేసిన చోటల్లా మెల్లగా నొక్కి సడలిస్తుంది. "నయం చేస్తానని మాటివ్వనమ్మా. ఒళ్ళు కాస్త తేలికపడుతుంది, అంతే" అని ముందే చెప్పింది. దివ్యశ్రీకి ఆ కాస్తే మహాభాగ్యం. వెళ్ళొచ్చాక కొన్నాళ్ళు గోడ పట్టుకోకుండా స్నానం చేయగలదు.

పెంచలప్రసాద్ ఒప్పుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు.

"పో. నాయన తోడొస్తాడు. కానీ నా పెండ్లాం పని చేతగాక మంచంలో పడుందని ఊర్లో ఒక్క నోట విన్నానా, ఆ రోజుతో ఆత్మకూరు బందు!"

తోడు కాదు, కాపలా అని ఆమెకు వెంటనే అర్థమైంది.

అత్త పోయిన ఇల్లది. ఉన్నది ముగ్గురు, ఎవరి మూల వాళ్ళది. ఈ ఏడు కొండలయ్య చేను కౌలుకిచ్చేశాడు. బతికినన్నాళ్ళూ చేను గట్టు వదలని మనిషి, ఇప్పుడు పొద్దస్తమానం వసారాలో కుర్చీ వేసుకుని వీధి వైపే చూస్తుంటాడు. గేటు చప్పుడైతే చాలు, లేచిపోతాడు. పేరంటానికి పిలవడానికి వచ్చిన ఆడవాళ్ళను కూడా అక్కడే ఏదో గొణిగి పంపించేస్తాడు. ఇంకొక మనిషి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో దివ్యశ్రీకి గుర్తులేదు. గోడవైపు తిరిగి ఏడ్చుకునేది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా, కాసేపటికి అదీ ఆగిపోయేది.

ఆడవాళ్ళకు టికెట్ లేదాయె, బస్సు కిక్కిరిసి ఉంది. మామగారు ఎవరినో బతిమాలి ఆమెకు సీటు చూపించి, తను ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

ఆత్మకూరులో దిగాక మళ్ళీ అదే తంతు. నాలుగడుగులు వేస్తాడు, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగుతాడు, ఆయాసపడతాడు. ఆమె కూడా ఆగాలి. నిన్న సాయంత్రమే బియ్యం మూట భుజాన వేసుకుని లోపల పెట్టిన మనిషి! కోడలి వల్ల ఎన్ని అగచాట్లు పడుతున్నాడో బజారుకంతా చూపించుకుంటున్నాడని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

గదిలో డాక్టరమ్మ వేళ్ళు మెడ వెనక ఆనగానే దివ్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంట్లో నిన్ను నమ్మేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"ఒక్కరూ లేరు మేడం."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కొండలయ్య ముందు సీట్లో కూర్చుని, తువ్వాలు ముఖం మీద వేసుకున్నాడు. బస్సు కదులుతుండగా ఒకామె ఎగబడి ఎక్కి, దివ్యశ్రీ పక్కన చతికిలబడింది. తమ వీధి శీనమ్మ! ఆమె చెవిన పడితే ఊరంతా మైకులో చెప్పినట్టే.

"ఏమ్మే దివ్యా! ఆ చేతులతో నొక్కే డాక్టరమ్మ కాడికేనా?"

"లేదత్తా... చీరెలు కొనుక్కుందామని..."

"నాకాడ కూడా దాస్తావేందిమే? వీధంతా తెలుసు. ఎవరింట్లో చూసినా మీ మాటే."

అయిపోయింది. ఈ సాయంత్రానికే పెంచలప్రసాద్ అంగడి దాకా పోతుంది. ఇక ఆత్మకూరు లేదు, ఆ చేతులూ లేవు. ఆ గోడ, ఆ మంచం, అంతే.

"నీకు దండం పెడతా శీనమ్మత్తా," రెండు చేతులూ జోడించింది దివ్యశ్రీ. "మా ఆయన చెవిన మాత్రం పడనీయొద్దు. నాకింక వేరే దారి లేదు."

శీనమ్మ ఆశ్చర్యంగా చూసింది. తర్వాత ముందు సీటు వైపొకసారి చూసి, దివ్యశ్రీ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గొంతు తగ్గించింది.

"ఇందులో దాచేదేముండాదిమే పిచ్చిదానా, 'నా ఒంట్లో సత్తువ చచ్చిపోయింది శీనమ్మా, కూర్చుంటే లేవలేకుండా ఉండా, పాపం నా కోడలు గడప దాటకుండా నన్ను కనిపెట్టుకోనుండాది, ఆ బిడ్డ తోడొస్తేనే ఆత్మకూరు పోగలుగుతుండా' అని మీ మామే గేటు కాడ నిలబడి వచ్చినోళ్ళందరికీ చెప్పినాడు గదా!"