అందరూ చూసిన పేజీ

"ఈ బొమ్మలో ఉన్నాది నువ్వేనా కాదా? అది సెప్పు ముందు," అన్నాడు ఊరిపెద్ద సూరయ్య.

గౌరి తల ఎత్తలేదు. "నానే," అంది.

చేపల వేలం షెడ్డు కింద ఊళ్లో మగాళ్లంతా పోగయ్యారు. పంచాయితీ పెట్టిన రోజు ఎవరూ వేటకి వెళ్లకూడదని ఊరి కట్టుబాటు. అందుకని తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఒక్క గౌరి మొగుడు లక్ష్ముడిది తప్ప. పెళ్లాం గురించి పదిమందీ పది రకాలుగా మాట్లాడుతుంటే కూర్చుని వినలేననుకున్నాడో ఏమో, తెల్లారకముందే ఒక్కడూ తెప్ప తోసుకుని సముద్రంలోకి వెళ్లిపోయాడు.

ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతోంది. అది ఎల్లాజీది. నిన్న సాయంత్రం సినిమా కబుర్ల కోసం ఓ వార్తల సైటు తెరిస్తే, మొదటి పేజీలోనే గౌరి కనబడిందట. అంత మంచి సంగతి కడుపులో దాచుకునే మనిషి కాదు ఎల్లాజీ. దీపాలు పెట్టే వేళకి ఊళ్లో ఉన్న ఫోన్లన్నిటికీ ఆ పేజీ పంపేశాడు.

నెల కిందట ఎవరో కెమెరా మెడలో వేసుకుని వచ్చి, మీ కష్టం గురించి రాస్తామని చెప్పి తీసుకెళ్లిన ఫొటో అది. చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టి, నెత్తి మీద చేపల గంపతో నీళ్లలోంచి నడిచి వస్తోంది గౌరి. ఈ ఊరి ఆడవాళ్లంతా రోజూ అలాగే వస్తారు. ఎవరూ రెండోసారి తల తిప్పి చూడరు. సైటువాళ్లు ఆ గంపని కత్తిరించి పారేసి, మొహాన్నీ తడిచీరనీ మాత్రం ఉంచి, 'తీరంలో తడి అందాలు' అని పేరు పెట్టారు. ఇప్పుడు అదే మనిషిని ఫోనులో చూడ్డానికి షెడ్డులో తోపులాటగా ఉంది. పెద్దమనుషులైతే కళ్లజోళ్లు తుడుచుకుని మరీ చూస్తున్నారు. చూడకుండా తీర్పు ఎలా చెబుతారు పాపం.

"ఇది బూతుబొమ్మల సైటేట్రా?" అడిగాడు సూరయ్య.

"కాదు మావా, వార్తలదే. మా పిల్ల పదో తరగతి మార్కులు ఇందులోనే సూసుకున్నాది," అన్నాడు ఎల్లాజీ.

"సిన్నపిల్లలు సూసీ దాన్లో ఇలాటివి ఎందుకెడతారు?"

"మనం సూస్తన్నాం గదా మావా, అందుకే ఎడతారు," అని ఎల్లాజీ ఫోను కోసం చెయ్యి చాపాడు. మధ్యలో ఇంకెవరో అందుకున్నారు.

గౌరి అత్త నారాయణమ్మ ముందుకి వచ్చింది. "సీపురుపల్లి నుంచి మా ఆడబిడ్డ ఫోను సేసినాది. నీ కోడలు నెట్లో ఉన్నాదంట గదా వొదినా అని. నా తల ఎక్కడెట్టుకోమంతారు? రేపట్నుంచి ఇది రేవులోకి రాకూడదు. నా గడప కూడా తొక్కకూడదు."

"అది నీ కొడుకు సెప్పాల నారాయణమ్మా," అన్నాడు సూరయ్య. "ఏలుకుంతానంటే ఏలుకుంతాడు. వద్దంటే పుట్టింటికి అంపేస్తాడు. ఆడు ఒడ్డుకొచ్చి ఏటంటే అదే తీర్పు. ఒసే గౌరీ, రేత్రి నీతో ఏటన్నాడే?"

"ఏటీ అననేదు."

"తిట్టనేదా?"

"నేదు."

గౌరి గొంతులో ఏడుపు లేదు. నిన్నటి నుంచీ లేదు. సిగ్గుపడాలని తెలుసు, కానీ సిగ్గు కూడా రావడం లేదు. వీళ్లంతా ఎవరో పరాయి ఆడదాని గురించి మాట్లాడుకుంటున్నట్టుగా ఉంది. లక్ష్ముడు తిరిగొచ్చి తిట్టనీ, పొమ్మననీ, ఏదో ఒక మాట అంటే చాలు. ఆ ఒక్క మాట కోసమే ఇంతమంది మధ్య నిలబడి ఉంది.

"ఓపాలి ఆ ఫోను నాకియ్యండి," అంది.

"నీకెందుకే?" అన్నాడు సూరయ్య.

"ఊరల్లా సూసీసినారు. నానే సూడనేదు."

ఎవరో ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. గౌరి బొమ్మ కేసి ఒక్క క్షణం చూసింది. తర్వాత చూపు కిందికి జారింది. అక్కడ ఇంకేదో వార్త, సన్నటి అక్షరాల్లో రెండు మూడు వరుసలు ఉన్నాయి. అయిదో తరగతి చదువు ఆమెది. పెదాలు కదుపుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది.

"సిగ్గు నేకుండా ఇంకా ఎలా సూసుకుంతందో సూడండి," అంది నారాయణమ్మ.

గౌరి ఆ మాట పట్టించుకోలేదు. ఫోను ఎల్లాజీ ముందుకి చాపింది. "నా బొమ్మ కింద రాసినాది సదువు అన్నా. నాకు సరిగ్గా రాదు, తప్పు సదివినానేమో."

ఎల్లాజీ అందుకుని గట్టిగా చదివాడు. "బంగాళాఖాతంలో వాయుగుండం. రేపు మధ్యాహ్నం నుంచి శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో పెనుగాలులు. మత్స్యకారులు ఎవ్వరూ వేటకు..." అతను చదవడం ఆపి తేదీ వెతికాడు.

"ఎప్పటిదిరా అది?" సూరయ్య లేచి నిలబడ్డాడు.

"నిన్న... నిన్న సాయంత్రం అయిదింటికి ఎట్టినారు మావా."

నారాయణమ్మ సముద్రం కేసి తిరిగింది.

"ఇంత పెద్ద కబురు ఉంటే ఆడు సూడనేదేటే?" అన్నాడు సూరయ్య.

"రేత్రల్లా ఈ పేజీయే సూసినాడు పెద్దయ్యా," అంది గౌరి.