దెబ్బల సాదుల్లా

సాదుల్లా ఆ రోజు కూడా కట్టుతోనే వచ్చాడు. ఈసారి ఎడమచేతి రెండు వేళ్లకు.

ఫ్యాక్టరీ వెనక గ్రౌండులో కబడ్డీ ప్రాక్టీసు మొదలవబోతోంది.

"ఇయ్యాల ఏ బొక్క ఇరిగిందిరా?" కెప్టెన్ మొగులయ్య అడిగాడు.

"ఇరగలే అన్నా. జెర పక్కకు జరిగింది, అంతే."

"నీ ఒంట్ల జరగని బొక్క ఏదన్న ఉన్నదా?"

టీమంతా గొల్లున నవ్వింది. సాదుల్లా కూడా నవ్వాడు. నవ్వి, ఎప్పటిలాగే పోయి మొగులయ్యకు ఎడమపక్కన నిలబడ్డాడు.

జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చి బీరంగూడలో కిరాయి గదిలో ఉంటున్నాడు. ఏళ్ల కిందటే ఆట చూసి పనిలో పెట్టుకున్నారు గానీ, ఇంకా టెంపరరీయే. టీములో నిలిస్తేనే పర్మనెంటు. ఊళ్లో తల్లి షాహజాదీ ఆ కబురు కోసమే కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది.

మొగులయ్య సంగతి వేరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలన్నింటిలో అతని పట్టుకు పేరు. కూతకు వచ్చినవాణ్ణి నడుము దగ్గర ఒడిసిపట్టి ఎత్తేస్తే జనం ఈలలు వేసేవాళ్లు. ఇన్నేళ్ల ఆటలో ఒంటిమీద చిన్న గీత పడలేదు. ఆ సంగతి రోజుకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే అతనికి అన్నం సహించేది కాదు.

అతను ఎత్తేసినవాడు మాత్రం ఎప్పుడూ సాదుల్లా మీదే పడేవాడు. అందరూ లేచాక అడుగు నుంచి మట్టి దులుపుకుంటూ లేచేది సాదుల్లాయే. అదేమిటని ఎవరూ అడగలేదు. ఈలలు వినబడుతుంటే మట్టి ఎవరికి కనబడుతుంది!

తొంభై మూడో ఏడు. విశ్వకర్మ పూజకు ఫ్యాక్టరీల మధ్య పోటీలు. అంతకుముందే పర్సనెల్ ఆఫీసరు సూర్యారావు కెప్టెన్ని పిలిపించాడు.

"ఆటగాళ్లలో ఒకడినే పర్మనెంట్ చేస్తారట మొగులయ్యా. సాదుల్లాని చెయ్యమంటావా? అస్తమానం సిక్ లీవే కదా అతను!"

మొగులయ్య కడుపులో కల్మషం లేదు. టీము గెలవాలి, అంతే.

"పిల్లగాడు మంచోడే సార్. కానీ దెబ్బల ఒళ్లు. ఇద్దరం ఒక్కటే గ్రౌండుల ఆడుతున్నం, నాకెందుకు తగుల్తలేవు? కొందరి పుట్టుకే గంత."

సూర్యారావు తల ఊపాడు. సాదుల్లాకు టీములో చోటు పోయింది. దాంతోపాటే ఉద్యోగమూ పోయింది.

మర్నాడు గేటు దగ్గర సాదుల్లా ఎదురుపడితే మొగులయ్య చూపు తిప్పుకున్నాడు.

"అన్నా, నా జాగల ఎవరిని నిలబెడుతున్నవ్?"

"ఎవడో ఒకడు నిలబడ్తడు. నీకెందుకు?"

"జెర జల్దీ కిందికి దుంకేటోన్ని పెట్టుకో అన్నా."

నౌకరీ పోయినవాడు అడగాల్సిన మాటేనా అది! మొగులయ్యకు చిర్రెత్తింది.

"ముందుగాల నీ ఒళ్లు నువ్వు సూసుకో."

 సాదుల్లా సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

పోటీలు ఇంకో వారం ఉన్నాయనగా కబురు వచ్చింది. ఏదో చిన్న షెడ్డులో కూలికి కుదిరాడట. పైకప్పు మీద పని చేస్తుంటే కాలికింద రేకు పగిలింది. కింద పడ్డవాడు మళ్లీ లేవలేదు.

మొగులయ్య వాళ్ల ఊరికి మట్టి ఇవ్వడానికి వెళ్లాడు. షాహజాదీ అతని చెయ్యి పట్టుకుంది.

"వాని నౌకరీ పక్కా అయిందా బేటా? అయితదని చెప్తుండె..."

ఉద్యోగం పోయిన సంగతి కొడుకు ఆమెకు చెప్పనే లేదు. మొగులయ్య మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. తిరుగు బస్సెక్కాక మాత్రం పక్కనున్న టీమువాళ్లతో అన్నాడు.

"చెప్పిన గదా నేను? దెబ్బలు వాన్ని ఎతుక్కుంట వస్తయ్."

దుఃఖం ఉంది. కాదనలేం. తన మాటే నిజమైందన్న తృప్తి కూడా ఏ మూలో ఉంది. మనిషి బుద్ధి అంత పాడుది.

విశ్వకర్మ పూజ నాడు ఇస్నాపూర్ టీముతో ఆట. అటునుంచి చిన్నరాములు కూతకు వచ్చాడు. మొగులయ్య అలవాటుగా అతని నడుము మీదికి దూకాడు. ఎడమపక్కనున్న కొత్తవాడు నిలబడి చూస్తున్నాడు. చిన్నరాములు మడమ సూటిగా వచ్చి మొగులయ్య ఎడమ మోకాలి మీద దిగింది. ఫట్‌మన్న చప్పుడు జనానికి కూడా వినబడింది.

ఇక ఆట మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

చిన్నరాములు బత్తాయిలు పట్టుకుని దవాఖానకు వచ్చాడు.

"మాఫ్ చెయ్యన్నా. ఇంత దెబ్బ తగుల్తదనుకోలే."

"నీ తప్పేమున్నది? కానీ ఇన్నేండ్లల దెబ్బ ఎరగనోన్ని. ఒక్కపారికే గిట్లెట్లయిందిరా?"

చిన్నరాములు ఆశ్చర్యపోయాడు.

"ఒక్కపారేందన్నా! నడుముకు దుంకేటప్పుడు నీ ఎడమ మోకాలు ఉత్తగ వదిలేస్తవని మాకందరికి ఎరికే. ఎన్ని ఏండ్ల సంది దాని మీదికే వస్తున్నమో!"

"మరి ఏనాడూ తగలకపాయె?"

"ఆ సాదుల్లా తగలనిస్తుండెనా? మా కాలు లేస్తే చాలు, కిందికెల్లి దుంకి తన మీద ఏసుకుంటుండె. ఈసారి రాలేదేంది?"

"పోయిండు" అన్నాడు మొగులయ్య. 

చిన్నరాములు చేతిలోని బత్తాయిలు మెల్లగా మంచం మీద పెట్టాడు.

"ఒకపారి నా కాలు తగిలి దవడ పగిలింది ఆయనకు. 'మీ అన్నకు ఒక్క మాట చెప్పరాదా, సూసుకుంటడు గదా' అని నేనన్న. 'తెలిస్తే అన్నకు భయం పట్టుకుంటది, ఇగ అట్ల దుంకలేడు, నువ్వు గూడ చెప్పకు' అని నాతోని ఒట్టేయించుకున్నడన్నా."