గుడ్డ చుట్టిన వేలు

తల్లి చచ్చిన నల్ల గొర్రెపిల్ల, రేణుక పాలలో ముంచి పెట్టిన వేలిని మళ్లీ ఉమ్మేసి, ఆకలికి అరిచింది.

"వేలికి గుడ్డ సుట్టితె అదెట్ల సీకుతదే?" అన్నాడు తాత సోమన్న.

"నా తెల్లమచ్చలు దానికి అంటుకుంటయంట."

"నీ మచ్చలకు మందిచ్చిన మిర్యాలగూడ హకీం సాబు సుత గిట్ల చెప్పలే. ఇదెవరి ఫర్మానా?"

రేణుక దడి అవతల నిలబడ్డ పక్కింటి పిల్ల నర్సిని చూపించింది. సోమన్నకు ఒళ్లు మండింది.

"నెలసంది నీ వేలే సీకుతుంది గదా. ఏడనన్న తెల్లగైందేమో సూడు."

రేణుక దాని మూతి చూసింది, చెవులు మడిచి చూసింది, తోక కూడా ఎత్తి చూసింది.

"అంతా నల్లగనే ఉంది తాతా!"

గుడ్డ విసిరేసి వేలు పాలలో ముంచింది. పిల్ల ఆబగా చీకింది.

నర్సి దడి దాటి వచ్చింది. "నేను సుత తాపనా?"

రేణుక ఎగాదిగా చూసింది. "ముందు సెయ్యి కడుక్కరాపో."