ఒక మెట్టు తక్కువ

“ఇంకేటి సెప్పాల సార్, మీ మెషీనుకి?” అన్నాడు జోగులు.

కంప్యూటర్ సైన్సు ప్రొఫెసరు ఆనందబాబు తెర మీంచి చూపు తిప్పలేదు. గణిత నిరూపణల్లో ఒక్కో మెట్టూ ముందుదాని నుంచి వచ్చిందో లేదో సరిచూసే ప్రోగ్రాము మీద ఆయన తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. మనిషి చావును నిరూపించమని కాలేజీకి వచ్చినవాళ్లు మాత్రం వీళ్లే మొదలు.

జోగులు తమ్ముడు పోలిరాజు రెండేళ్ల కిందట డింగీ అనే చిన్న పడవలో ఒంటరిగా చేపల వేటకు వెళ్లాడు. మనిషీ రాలేదు, డింగీ దొరకలేదు. ఆదివారం కర్మ జరిపించి అతని భార్య ఎరుకమ్మ గాజులు తీయించాలని పెద్దలు తేల్చారు. రుజువు చూపిస్తేనే తీస్తానని ఆమె పట్టుబట్టింది.

“మా మరదలు ఎవుల మాటా ఇనదు సార్. మీ మెషీను అబద్ధవాడదని ప్యూను భయ్యా సెప్పాడు.”

ఆనందబాబు ఎరుకమ్మ కోసం ఫ్యాను కిందికి కుర్చీ జరిపాడు. బావ ఎదుట ఆమె కూర్చోలేదు.

జోగులు చెప్పినవన్నీ ఆరు వాక్యాలయ్యాయి. ప్రోగ్రాము ఆరో వాక్యం దగ్గర ఆగిపోయింది.

“ఒప్పుకోలేదు. ఒక మెట్టు తక్కువైంది.”

“పూరా సెప్పీసినాం కదా?”

“మనం మనసులో అనుకుని పైకి చెప్పనిది ఇది ఊహించుకోదు జోగులుగారూ. ఇంటికి రాలేదు కాబట్టి బతికి లేడంటున్నారు. ఆ రెంటికీ మధ్య ఇంకో మాట ఉంది. బతికుంటే ఇంటికి వస్తాడని.”

జోగులు నవ్వాడు. “అది కూడా సెప్పాలేటి? పెళ్లాన్ని పేనంగా సూసుకున్నోడు, రాకేం సేత్తాడు? రాసీండి.”

“రాస్తే ఒప్పేసుకుంటుంది.”

ఆనందబాబు చేతులు కీబోర్డు మీద ఆగాయి. ఆ ఒక్క వాక్యంతో ఆమె ఎదురుచూపు ముగిసిపోతుంది. “నువ్వేమైనా చెప్పాలా అమ్మా?” అని అడిగాడు.

ఎరుకమ్మ కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది.

“బావా, మనమెక్కాల్సిన మిడిల్ పాయింట్ బస్సొచ్చినట్టుంది. ఆపండి.”

జోగులు గబగబా బయటికి వెళ్లాడు. అతని అడుగుల చప్పుడు వరండా దాటేదాకా ఆమె ఆగింది.

“బతికుంటే వస్తాడన్నది అబద్ధం సార్, రాయకండి.”