పెగ్గీకి చందా

"ఈ డబ్బాలో ఒక్క డాలరు పడిందో, ఊరుకునేది లేదు!"

నోరీన్ చందా డబ్బా కన్నం మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. సాసేజ్‌ల కోసం వరసలో ఉన్నవాళ్ళ చేతుల్లో నోట్లు అలాగే ఆగిపోయాయి.

వెర్నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి హార్డ్‌వేర్ షాపు ముందు, ఎండలో, పెనం దగ్గర నిలబడి ఉంది. సాసేజ్‌లు కాల్చి, ఉల్లిపాయలు వేయించి, రొట్టెలో పెట్టి అమ్ముతోంది. అంతా పెగ్గీ కోసమే. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క ఆవిరి రైలింజను అది. కొత్త బాయిలరుకు కావలసిన డబ్బు ఈ సాయంత్రానికి పోగవకపోతే, సోమవారం దాన్ని పాత ఇనుము కింద కోసేస్తారు.

"చెయ్యి తియ్యి నోరీన్."

"తియ్యను. నా సవతిని మేపడానికి నా ఎదురుగానే అడుక్కుంటారా?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇంజన్ని పట్టుకుని సవతంటావేంటి? మతుందా నీకు?"

"ఏమనమంటావు మరి? మా అమ్మని పూడ్చిన రోజు నా మొగుడు ఎక్కడున్నాడో తెలుసా? దాని చక్రాల కింద! పెద్దదాని పెళ్ళికి చర్చిలోకి గ్రీజు చేతులతో వచ్చాడు. కేకు మీద కూడా వేలిముద్రలే!"

"నీ మొగుడు లెస్ పోయి ఆర్నెల్లయినా కాలేదు. పోయిన మనిషి మీద ఇంకా ఈ ఏడుపేంటి? నీ కడుపుమంటకి పెగ్గీని బలిపెడతావా?"

"పెడతాను! సోమవారం ముక్కలు కోస్తుంటే కుర్చీ వేసుకుని చూస్తాను. టీ కూడా తెచ్చుకుంటాను."

"నువ్వసలు మనిషివేనా?" వెర్నా చేతిలోని పట్టకారు పెనం మీద విసిరికొట్టింది. ఉల్లిపాయలు మాడిపోతున్నా పట్టించుకోలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నోరీన్ మణికట్టు పట్టుకుని లాగింది. నోరీన్ చెయ్యి బిగపట్టింది. ఇద్దరు డెబ్భై ఏళ్ళ ఆడవాళ్ళు డబ్బా కోసం పెనుగులాడుతుంటే, వరసలోవాళ్ళు ఒక్కొక్కరే నోట్లు జేబుల్లో పెట్టుకుని జారుకోవడం మొదలుపెట్టారు.

"ఆగండమ్మా, ఆగండి!" అంటూ కెవ్ పరిగెత్తుకొచ్చాడు. ఒకప్పుడు పెగ్గీని నడిపింది అతనే. పక్కన బొగ్గు వేసింది లెస్. కెవ్ ఇద్దరి మధ్యా దూరి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నోరీన్, ఈ మాట నీకు ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఆగాను. ఆసుపత్రిలో లెస్ నా చెయ్యి పట్టుకుని ఒకటే కోరాడు. పెగ్గీ మళ్ళీ కదిలిన రోజున, మొదటి పార బొగ్గుతో పాటు తన బూడిద కూడా ఆ పొయ్యిలో వెయ్యమన్నాడు. మా స్టీము ఇంజన్ల వాళ్ళు చాలామంది అలాగే వెళ్ళారు. ఆ పొగలో కలిసిపోవాలని వాడి ఆశ. పెగ్గీ మీద కోపం ఉంటే ఉండనీ. లెస్ కోసమైనా ఆ చెయ్యి తియ్యి."

వెర్నా పట్టు సడలింది. వెళ్ళిపోబోతున్నవాళ్ళు కూడా ఆగారు. ఇక చెయ్యి తీస్తుందనే అందరూ అనుకున్నారు.

నోరీన్ రెండో చెయ్యి కూడా డబ్బా మీద వేసింది.

"నాకెందుకు తెలియదు కెవ్? నాకూ అదే చెప్పి పోయాడు. ఇప్పుడు కుండలో బూడిదై టీవీ పక్కన బల్ల మీద ఉన్నాడు. పొద్దస్తమానం తిడుతున్నా లేచి వెళ్ళిపోవడం లేదు." ఆమె డబ్బాని ఇంకా దగ్గరికి లాక్కుంది. "చచ్చాకే కదయ్యా, నా మొగుడు ఇంటిపట్టున ఉంటున్నాడు!"